కోర్టుకు చెప్పిన క్షమాపణ

విశాఖపట్నం,
12-8-1979

దావూద్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. నేనెవరో మీకు తెలియదు. మీ మీద హత్యకేసు విచారణలో ఉండగానే మిమ్మల్ని 'హంతకుడు' అని అచ్చేసిన పత్రికలో అక్షరాలు పేర్చేవాణ్ణి.

విలేకరి రాసింది 'నిందితుడు' అనే. శీర్షికలు పేర్చే పెద్ద అక్షరాల్లో మాకున్న ఒక్క 'ది'నీ సర్కస్ కరపత్రం వేసినప్పుడు విరగ్గొట్టారు. ఆ సర్కస్‌లో ఏనుగు కూడా లేదు, అది వేరే సంగతి. "ఏటి సేత్తన్నావ్ బావా? ఉన్న అచ్చరాలతో కానిచ్చీ!" అని ఫోర్‌మన్ కేకేశాడు. 'హంతకుడు'కి అక్షరాలు సరిపోయాయి. ఆ మాట ఎంచుకున్నది నేనే.

కోర్టు ధిక్కారమని జడ్జిగారు పిలిస్తే, ఎడిటరు చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పాడు. కోర్టు మన్నించింది. మీకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నిర్దోషి అని మిమ్మల్ని వదిలేసినా, పూర్ణా మార్కెట్లో జనం మీ తాళాల దుకాణం దాటుకుని పక్కదానికే పోతున్నారు. నన్ను క్షమించండి.

ఈ మాట నోటితో చెబుదామనే నిన్న మీ దుకాణానికి వచ్చాను. "ఏటి కావాల బాబూ?" అన్నారు మీరు. తాళంకప్ప అన్నాను. తాళంచెవి రెండుసార్లు తిప్పి చూపించి, ఇచ్చారు.