ఖాళీ వదిలిన గడి

ప్రియమైన లైబ్రేరియన్ గారికి,

ఈ ఉత్తరాన్ని పొద్దుటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి చించివేశాను. నిజానికిది ఎదురుగా నిలబడి చెప్పవలసిన మాట. మీ బల్ల దాకా రెండుసార్లు వచ్చి, చేతికందిన పుస్తకమేదో తీసుకుని తిరిగిపోయాను.

నా ఎడమకన్ను మూడు వారాలుగా ఎర్రగా ఉండడం మీరెరుగుదురు. నిద్ర లేచేసరికి రెప్పలు అంటుకుపోయేవి. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేసుకుంటే తగ్గలేదు. మందుల షాపతను, "ఈ వయసులో అంతలా ఏం చదివేస్తున్నారు మాస్టారూ?" అని వేళాకోళమాడాడు. చివరికి గత వారం కంటి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు ఒకప్పుడు నా తరగతిలో మొదటి బెంచీ పిల్ల. వాళ్ళిచ్చిన కాగితంలో రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ వివరాలు నింపాను. 'భాగస్వామి' అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలేశాను.

నిన్న పరీక్ష ఫలితం వచ్చింది. ఆమె తలుపు మూసి, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"మాస్టారూ, దీన్ని క్లమీడియా అంటారు. శారీరక సంబంధంతో అంటుకునే బాక్టీరియా. చేతి ద్వారా కంటికి చేరి ఉంటుంది. చుక్కలతో పోదు, వారం రోజులు మాత్రలు మింగాలి. ఆవిడ కూడా పరీక్ష చేయించుకుని వాడాలి. బయటికి ఏమీ కనబడకపోయినా లోపల పాడుచేస్తుంది."

"ఆవిడంటూ ఎవరూ లేరమ్మా. మా ఇంటావిడ పోయి తొమ్మిదేళ్ళయింది," అన్నాను.

"గడి ఖాళీగా వదిలితే సున్నా అని మీరే అనేవారు కదండీ," అంటూ కాగితం నా ముందుకు జరిపింది. నేను కలం తీయలేదు.

ఏడాదిగా ఆదివారం మధ్యాహ్నాలు మీ ఇంట గడిపినవాణ్ణి, మీరు లేరని చెప్పి వచ్చాను. జబ్బు కన్నా ఆ మాటే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. మరొకటి. మీకు ముందు నాకు కొన్నాళ్ళు ఒకరితో స్నేహం ఉండేది. అదీ మీకు చెప్పలేదు.

శనివారం నుంచి మీరు రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు. చూసి కూడా అడగలేదు. దయచేసి రేపే వెళ్ళండి. ఆ తరువాత నా ముఖం చూడకూడదనుకుంటే, పుస్తకం వేరెవరిచేతనైనా పంపిస్తాను.

నిలకడ తప్పిన
మీ మాస్టారు

*

మాస్టారూ,

మీ ఉత్తరం అందేసరికి నేను ఆ ఆసుపత్రి నుంచే వస్తున్నాను. అద్దాల వెనక నా కుడికన్నుదీ అదే తంతు. డాక్టరు వేరు, ప్రశ్నలు అవే, గడి అదే. నేనూ "ఎవరూ లేరు" అనే చెప్పాను. తలెత్తుకు తిరిగే మనిషి మీరు, మీ పేరు పాడవుతుందని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. భయపడింది నా పేరు గురించే.

మీకు ముందు ఒకరున్నారన్నారు. నాకూ ఉన్నారు. దాని గురించి తరువాత పోట్లాడుకుందాం. మందు పూర్తయి డాక్టరు సరేననేదాకా దూరంగా ఉండాలట, పోట్లాటకు కావలసినంత తీరిక.

రేపు పదింటికి ఆసుపత్రి మెట్ల దగ్గర ఉంటాను. పుస్తకం మీరే తీసుకురండి. నా కాగితంలో మీ పేరు మీరు రాయండి, మీ కాగితంలో నా పేరు నేను రాస్తాను. తప్పులుంటే అక్కడే దిద్దుదురుగాని.

మీ
లైబ్రేరియన్