అంజవ్వ తలలో కట్టిన జడ

మామిడిపల్లి,
1946 జూన్, మంగళవారం

అన్నా,

అమ్మ రాయించిందే నమ్మి, కాలేజీ చదువుతో దేవుణ్ణి ఎగతాళి చేస్తున్నానని రాశావు. అంత ధైర్యం నాకెక్కడిది? నాకున్నదంతా నీ కూతురి గురించిన భయమే.

అంజవ్వ మోతిజ్వరంతో నెలన్నర మంచం మీదే ఉంది. తలకు నూనె లేదు, దువ్వెన తగల్లేదు. వెంట్రుకలు ముడిపడి జడకట్టాయి. అది చూసి, ఎల్లమ్మ కొలుపులు చేసే బైండ్లాయన, ఆ తల్లే పిలిచిందన్నాడు. శుక్రవారం పిల్లను ఆ దేవతకిచ్చి పెళ్ళి చేస్తారట. ఆ తరువాత దానికి మొగుడూ ఇల్లూ ఉండవనీ, పెద్దదయ్యాక ఊరి మగవాళ్ళందరికీ లోకువవుతుందనీ నీకూ తెలుసు. దానికింకా తొమ్మిదేళ్ళే.

అదే జ్వరంతో దాని తమ్ముడు కొండల్ జుట్టు కూడా అలాగే అట్టకట్టింది. వాడికి మాత్రం మంగలిని పిలిచి గుండు చేయించారు. ఇదేమిటని అడిగితే అమ్మ, "ఎల్లమ్మ ఆడిపిల్లనే అడుగుతది. పిలగాన్ని ఏం జేసుకుంటదే?" అన్నది.

వదిన నన్ను పెరట్లోకి పిలిచి, "మీ అన్నకు జర నువ్వే రాయి పిల్లా. నా మాట ఎవలింటరు?" అంది. అని, కొంగు చాటునుంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

జడ తీసిన సాయంత్రమే పిల్లకు మళ్ళీ ఒళ్ళు కాలితే ఊరంతా నన్నే అంటుంది. నేనూ నమ్ముతానేమో.

రేపు పొద్దున ఆ జడ కత్తిరిస్తాను. వెంటనే అంజవ్వను తీసుకొని శంషాబాద్‌లో పట్నం బస్సెక్కుతాను.

నీ చెల్లెలు