తీసెయ్ అన్నది నిన్ను కాదు

ఆదివారం, నవంబరు పదకొండు
మధ్యాహ్నం, మా వంటింటి బల్ల దగ్గర నుంచి

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయాలి. తలవలేను కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. గారూ, మీరూ అన్నానని బెదిరిపోకు. వీడికి కోపం వస్తేనే మర్యాద గుర్తొస్తుందని అక్క అంటూ ఉంటుంది కదా, ఆ మర్యాద ఈ నాలుగు వాక్యాలతో సరి. ఇక్కణ్ణుంచి నువ్వు బావవి, నేను నీ నోటిదురుసు బావమరిదిని.

ఒకే ఊళ్ళో ఉంటూ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోను చేస్తే తియ్యవు. ఇంటికొస్తే పడుకున్నానని చెప్పిస్తావు. ఒకవేళ ఎదురుగా కూర్చున్నా మన మాటలు ఎటు పోతాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ గొంతు వినపడుతుంది గానీ నువ్వు చెప్పేది వినపడదురా అని నువ్వే ఒకసారి అన్నావు. కాగితానికి గొంతు లేదు కదా అని ఇది పట్టుకున్నాను. లిఫ్టులు బాగుచేసే చేతులు, అక్షరాలు గ్రీజు పూసినట్టు ఉంటే సర్దుకో.

ముందు ఆ రోజు సంగతి తేల్చేస్తాను. నువ్వూ నేనూ ఒకే మెట్టు మీద కూర్చుని ఒకే మ్యాచ్ చూశామనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

మన గోల్‌పోస్టు వెనకాల సిమెంటు మెట్లు. నీ కింద కారులోంచి తెచ్చుకున్న దిండు. నీకు అటుపక్క సెలూన్ ఆయన, మన వెనక మెట్టు మీద లెక్కల మేష్టారు. రెండో సగం. మనవాళ్ళు బంతిని వెనక్కి, మన గోల్‌కీపర్‌కి ఇచ్చారు. మనం గడకర్ర అని పిలుచుకునే ఆ పొడుగువాడు ఎప్పటిలాగే దాన్ని కాలి కింద పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు. వాళ్ళ ఫార్వర్డ్ వాడి మీదకి పరిగెత్తుకొస్తున్నాడు. మెట్లన్నీ లేచి నిలబడి తీసెయ్, తీసెయ్ అని అరిచాయి. మన దగ్గర ఆ మాటకి ఉన్నది ఒకటే అర్థం. బంతిని ముందు గోలు దగ్గర నుంచి తీసెయ్, తర్వాత అది ఏ గంగలో పడితే మనకెందుకు. నేనూ అరిచాను. సహజంగానే అందరికంటే గట్టిగా.

నువ్వు నా వైపు తిరిగావు. ముఖంలో రక్తం లేదు. తీయించుకోనని ఎన్నిసార్లు చెప్పాలిరా, ఇక్కడ కూడా నన్ను వదలవా అన్నావు.

నాకు ముందు అర్థం కాలేదు. కడుపులో గడ్డ ఉందట, డాక్టరు తీసెయ్యాలంటున్నాడు, నేను మాత్రం కత్తి పడనివ్వను అని నువ్వు చెప్పిన నాటి నుంచి మీ ఇంట్లో అదే మాట కదా. తీసేయించుకోమని అక్క, తీసేయించుకో నాన్నా అని మేనకోడలు, ఫోనులో నేను. ఆ మాట నీ చెవుల్లో ఎంత నిండిపోయిందంటే, గడకర్రని అన్నది నిన్ను అన్నానని అనుకున్నావు. వేరే ఎవరికైనా జరిగితే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నాకేమో ఒళ్ళు మండింది. ఎలాగూ నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నాను అని మొదలుపెట్టాను. ఆ గడకర్రకున్న ధైర్యం నీకు లేదు, కత్తి పేరెత్తితే వణికిపోతున్నావు, మా అక్క బతుకు ఏమైనా నీకు పట్టదు అన్నాను. సెలూన్ ఆయన నా చొక్కా పట్టుకుని లాగుతున్నా ఆపలేదు. ఇంతలో అవతలి మెట్ల మీద గోల లేచింది. మనకి గోలు పడింది. ఎలా పడిందో మనిద్దరం చూడలేదు. నువ్వు దిండు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయావు.

అందుకని కాగితం మీద రాసిస్తున్నాను. తీసెయ్ అన్నది నిన్ను కాదు బావా. ఆ తర్వాత అన్నవన్నీ నిన్నే.

నువ్వు రావడం మానేశాక మన మెట్ల మీద ఆ గోలు గురించి జరిగిన వాదన ఇంకా తెగలేదు. సెలూన్ ఆయనది పాత పాటే. గోల్‌కీపర్‌కి చేతులిచ్చి కాళ్ళతో ఆడమనడం, నాకు కత్తెర చేతికిచ్చి పళ్ళతో క్షవరం చెయ్యమన్నట్టు ఉందంటాడు. మేష్టారు వేళ్ళు మడిచి, ఇలా వెనక నుంచి చిన్న చిన్న పాస్‌లతో ఆడుకుంటూ రావడం వల్ల మనం వేసిన గోల్స్ ఎన్ని, తిన్నవెన్ని అని లెక్క తీస్తాడు. ఆయన లెక్క ప్రతివారం మారుతుంది. పాత కీపర్ ముసలాయన ఉన్న రోజులే నయమని నేను. ఆ మహానుభావుడు బంతి దొరికిందంటే ఆకాశంలోకి తన్నేవాడు, అది దిగొచ్చేలోపు మనం ఓ గుక్క టీ తాగేవాళ్ళం. గుండెకి హాయిగా ఉండేది. ఎదురు చెప్పడానికి నువ్వు లేవు. అందరం ఒకే మాట మీద ఉంటే వాదన ఎంత చప్పగా ఉంటుందో ఈ నెలలో తెలిసింది. ఒక్కోసారి నీ తరఫున నేనే మాట్లాడాల్సి వస్తోంది, నా ఖర్మ.

నువ్వు అనేది నాకు కంఠతా వచ్చు. భయపడి తన్నితే పోయేది నీ భయమే కాదు, బంతి కూడా. అది వాళ్ళదై మళ్ళీ నీ మీదకే వస్తుంది. కాలి దగ్గర పెట్టుకుని నిలబడు. దగ్గరికి రానీ వాణ్ణి. వాడు నీ మీదకి వచ్చాడంటే ఎవణ్ణో ఒకణ్ణి వదిలేసి వచ్చాడన్నమాట, ఆ ఒక్కడూ మనకి ఖాళీగా దొరుకుతాడు. ఇదే కదా. డ్రైవింగ్ స్కూల్లో కూడా నీది అదే తంతు. నీ కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది, ఎదురుగా లారీ వస్తుంటుంది, పక్కన నేర్చుకునేవాడు చెమటలు కక్కుతుంటాడు, నువ్వు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటావు. నేను తొక్కితే వాడికి ఎప్పటికీ రాదు అంటావు. నాకూ అక్కకీ అలాగే నేర్పావు. నీ పక్కన బ్రేకు ఉందన్న ధైర్యంతోనే అసలు స్టీరింగ్ పట్టుకున్నాం.

మొన్న సెలూన్‌లో ఆ మ్యాచ్ రికార్డింగ్ పెట్టించి చూశాను. ఆయన ఒద్దంటున్నా ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వేయించాను. గడకర్ర నిలబడ్డాడు. ఫార్వర్డ్‌ని దగ్గరికి రానిచ్చాడు. వాడు కాలు చాపేలోపు కుడివైపు డిఫెండర్‌కి గీత గీసినట్టు పాస్ ఇచ్చాడు. ఆ డిఫెండర్‌కి చుట్టుపక్కల ఎవరూ లేరు. తడి గడ్డి మీద వాడి కాలు జారింది, అంతే. గడకర్ర తప్పు పిసరంత కూడా లేదు. నువ్వు చెప్పిందే నిజం. ఈ మాట నా చేత అనిపించాలని ఎన్నేళ్ళుగానో చూస్తున్నావు, ఇదుగో, సంతకం పెట్టి మరీ ఇస్తున్నాను. సెలూన్ అద్దం మీద అంటించమంటే అంటిస్తాను.

ఊరికే ఇవ్వడం లేదు. బదులు అడుగుతాను.

శుక్రవారం పెద్ద కూడలి దగ్గర నీ స్కూలు కారు ఎదురుపడింది. ఎవరో పెద్దావిడ నడుపుతోంది, పక్కన నువ్వు. నన్ను చూసి తల తిప్పుకున్నావు. తిప్పుకుంటే తిప్పుకున్నావు, నీ చొక్కా కాలరు చూశాను. అందులో ఇంకో మెడ పడుతుంది. పచ్చ లైటు పడ్డా నేను బండి కదపలేకపోయాను, వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టారు.

అక్క నీతో మాట్లాడటం లేదని తెలుసు. అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోతోందట. నాతో మాత్రం నీ మీద చాడీలు చెప్తూనే ఉంది. మొండిఘటం, ఎవరి మాటా వినడు, డాక్టరు దారి చూపిస్తుంటే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు అని. చెప్పి చెప్పి చివర ఒకటే అడుగుతుంది, నువ్వు చెప్తే వింటాడేమోరా అని. నేను చెప్తే నువ్వు ఏనాడు విన్నావు.

బావా, నీ సిద్ధాంతం ఆటలో గొప్పదే, ఒప్పుకున్నాను. కానీ గడ్డ అనేది ఫార్వర్డ్ కాదు. అది దగ్గరికొచ్చే కొద్దీ ఎక్కడా ఎవడూ ఖాళీ అవడు. నా పని చూడు. లిఫ్టు తాడులో రెండు పోగులు తెగి కనపడితే ఇంకొన్నాళ్ళు లాగుతుందిలే అని నేను ఆలోచించను. ఆపేసి, తలుపుకి బోర్డు తగిలించి, తాడు మార్చేస్తాను. పై అంతస్తులవాళ్ళు ఎంత తిట్టుకున్నా సరే. కొన్నిటికి తీసెయ్యడమే దారి. డాక్టరు తీస్తానంటున్నాడంటే తియ్యడానికి వీలుందనే కదా. ఆ వీలు ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు.

ఆసుపత్రికి నేను తోడొస్తాను. ఆపరేషన్ గది బయట బెంచీ మీద నోరు మూసుకుని కూర్చుంటాను, నాకది ఎంత కష్టమో నీకు తెలుసు. నువ్వు ఊ అంటే చాలు, మళ్ళీ నా జన్మలో మెట్ల మీద నిలబడి తీసెయ్ అని అరవను. గడకర్ర బంతి మీద కునుకు తీసినా సరే. ఒట్టు.

ఇంతకంటే దిగలేను. ఇక నీ ఇష్టం అనే మాట మాత్రం రాయను, ఎందుకంటే ఇది ఒక్క నీ ఇష్టం కాదు.

ఇట్లు,
ఓడిపోయానని మొదటిసారి ఒప్పుకున్న
నీ బావమరిది

తా.క. కవరు అంటించేశాను బావా. మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను. ఇప్పుడు సాయంత్రమైంది.

ఇంతకుముందే అక్క వచ్చింది. వర్షంలో తడిసి వచ్చింది, చేతిలో గొడుగు ఉంది, విప్పలేదు. నిన్న నీకు చెప్పకుండా ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. ముందు ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుంటే తర్వాత నిన్ను ఎలాగో ఒప్పించవచ్చని. డాక్టరుకి ఏమీ అర్థం కాలేదట. ఏ ఆపరేషన్ అమ్మా అన్నాడట. అది అన్నిచోట్లకీ పాకిపోయింది, కత్తితో అయ్యే పని కాదు, మొదటి రోజే మీ ఆయనకి చెప్పాను కదా అన్నాడట. ఆ రోజు మంచినీళ్ళ సీసా తెమ్మని అక్కని బయటికి పంపించావట. తను తిరిగొచ్చేసరికి నువ్వు వరండాలో నిలబడి, ఈయన కోస్తానంటాడు, నేను పడనివ్వను, పద ఇంటికి అన్నావట.

అక్క ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకుంటూ బాగానే వంట చేశానురా అంది. అదొక్కటే అంది. నిన్నటి నుంచి నీకు తెలియనివ్వకుండా ఎలా ఉందో, ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని కొంగు కూడా పిండుకోవడం లేదు.

అంటే నువ్వు ఆ రోజే అన్నివైపులా చూశావన్నమాట. ఎక్కడా ఎవడూ ఖాళీగా లేడని నీకు తెలుసు. తెలిసీ, దారి ఉందని మేము అనుకోవాలని, కాలి దగ్గర బంతి పెట్టుకుని అలా నిలబడ్డావు. మేమేమో మెట్ల మీద నుంచి నిన్ను తిట్టాం. గడకర్రకున్న ధైర్యం నీకు లేదన్నాను నేను.

పై ఉత్తరం చింపేద్దామనుకున్నాను. గడకర్ర గురించి రాసింది నిజమే కాబట్టి ఉంచేశాను. శనివారం మ్యాచ్ ఉంది. అక్క కూడా వస్తానంటోంది, ఆమెకి ఆట తెలియదు, నువ్వే చెప్పాలి. దిండు తీసుకుని రా. నీ మీద ఎవరికీ కోపం లేదు, ఇక మొండివాడిలా నటించకు. ఒక్కడివే ఎంతసేపని పట్టుకుని నిలబడతావు బావా. ఇటు ఇవ్వు. నేనూ అక్కా ఖాళీగానే ఉన్నాం.