హెడ్లీ దొరను వంతెన దాటనివ్వండి

అసుబోనె ఊరు, గోల్డ్ కోస్టు, పశ్చిమ ఆఫ్రికా,
1947, శుక్రవారం ఉదయం.

జిల్లా కమిషనర్ దొరగారి సముఖమునకు, అసుబోనె ఊరిపెద్ద నానా అడాక్వాగారి తరఫున సభలో మాట వినిపించు యావ్ ఒదూరో చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వ్యవసాయ శాఖ డిప్యూటీ డైరెక్టరు హెడ్లీ దొరగారిని మేము బంధించలేదనియు, జ్వరముతో మా ఇంట పడియున్న వారిని వంతెన దాటించుటకు తమ పోలీసువారు తుపాకులు దించవలెననియు.

1. నేటి మధ్యాహ్నములోగా దొరగారిని అప్పగించనిచో పోలీసులు ఊరిలో ప్రవేశింతురని తమరు పంపిన తాఖీదు నిన్న అందినది. అప్పగించుటకు మేము ఆయనను పట్టుకొని రాలేదు. మంగళవారం ఆయనే వచ్చినారు. కారును వంతెన అవతలే ఆపించి, డ్రైవరును వెనుకకు పంపి, టోపీ చేతబట్టుకొని ఒంటరిగా నడిచి వచ్చినారు. చూచినవారు ఊరంతా ఉన్నారు.

2. తమరు ఈ జిల్లాకు కొత్త గనుక ఆయన ఎవరో మనవి చేయుట నా విధి. మొదటి యుద్ధము ముగిసిన కొత్తలో చిన్న ఇన్‌స్పెక్టరుగా సైకిలు మీద మా ఊరు వచ్చినారు. ఆయన మాటను మావారికి తిప్పి చెప్పుటకు నన్ను నియమించినారు. ఆ ఏడు సంతలో బూజు పట్టిన మా కోకో గింజలను కుప్పవోయించి కిరసనాయిలు పోసి తగలబెట్టించినారు. మా అమ్మ మన్నెత్తి పోసింది. ఆయన నా సాయము లేకుండా, మా భాషలోనే, "బాగా ఎండబెట్టండమ్మా" అనబోయినారు. ఆయన పలికిన తీరుకు అది పచ్చి బూతయింది. సంత సంతా పొట్ట చేతబట్టుకొని నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. అప్పటి నుండి ఆయన మావాడైపోయినారు.

మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉండాలో, లేత మొక్కకు నీడ ఎలా కట్టాలో, గింజలను అరటాకుల కింద ఎలా మాగబెట్టాలో ఆయన వద్దనే నేర్చుకొన్నాము. మా ఇండ్లకు రేకులు, మా పిల్లలకు బడి ఆ చెట్ల మీదనే వచ్చినవి. ఆయన భార్య ఇక్కడికి వచ్చిన ఏడాదికే, మూత్రము నల్లబారు నల్లనీటి జ్వరముతో పోయినది. ఆమెకు కడసారి స్నానము చేయించినది నా భార్య బిరాగో. సమాధి మా మిషను దొడ్డిలోనే ఉన్నది. ఆ తరువాత ఆయనను రాజధానికి పిలిచినారు. పదవి పెరిగిన కొద్దీ మా దారికి రాక తగ్గినది.

3. పిమ్మట తెగులు వచ్చినది. కొమ్మలు ఉబ్బి, ఆకు పాలిపోయి, కొన్నేళ్లకు చెట్టు నిలువునా ఎండిపోవును. హెడ్లీ నల్లవారి పక్షమని తమ క్లబ్బులో కొందరు అనుచున్నారట. అది అబద్ధము. తెగులు తగిలిన చెట్టును, దాని చుట్టుపక్కల చెట్లను నరికించమని ప్రభుత్వానికి సలహా ఇచ్చింది ఆయనే. పోయిన నెల కూలీలు పోలీసుల కాపలాతో వచ్చి నా భార్య తోటను నేలమట్టం చేసినారు. కాయలు ఇంకా చెట్టునే ఉన్నవి. ఆమె ఒక మొద్దు మీద కూర్చుండిపోయినది. ఇంటికి తేవడం నా వల్ల కాలేదు.

మంగళవారం ఆయన మా గడప ఎక్కగానే ఆమె అన్న మాటలు నేను మార్చకుండా రాయుచున్నాను.

"నాటమన్నదీ నువ్వే, నరకమన్నదీ నువ్వే. మధ్యలో మేమెవరం, హెడ్లీ?"

"నరక్కపోతే పక్క తోట కూడా పోతుందక్కా. నిజం చెప్తున్నాను."

"నిజమే అయ్యుండొచ్చు. దాన్ని తుపాకులిచ్చి పంపించావేం? నువ్వొచ్చి చెప్పలేకపోయావా?"

ఆయన చేతిలోని టోపీ నేల మీద పెట్టినారు. "రావాల్సింది," అన్నారు.

ఆ సాయంత్రం సభలో, ఎవరి చెట్లు వారే, వానలు తగ్గాక, తమ చేతులతోనే కొట్టుకొనునట్లు ఏర్పాటు చేద్దామన్నారు. పెద్దలు సగం మెత్తబడినారు. నా అక్క కొడుకు సార్పొంగ్ లేచినాడు.

"ఇది మీ మాటా, ప్రభుత్వం మాటా?"

"నా మాట."

"మీ మాట వాళ్లు వింటారా?"

"తెలియదు," అన్నారు హెడ్లీ దొర. వింటారని అబద్ధమాడి ఉంటే మాట అక్కడితో కుదిరి, ఆ రాత్రే ఊరు దాటి పోగలిగేవారు. సభ ముగియక ముందే ఆయనకు చలిజ్వరపు వణుకు మొదలైనది.

4. మేము బంధించలేదు అని పైన రాసినాను. అది బుధవారం వరకు నిజము.

సార్పొంగ్ తమ సైన్యములోనే బర్మాలో పోరాడి వచ్చినవాడు. మా ఆచారము ప్రకారము అక్క కొడుకుగా నాకు వారసుడు. వాడు, వాడి జత కుర్రవాళ్లు నరికిన కోకో మొద్దులనే వంతెన దారికడ్డముగా పేర్చి, తుపాకులతో కూర్చున్నారు. దొరగారిని పోనిమ్మని వెళ్లి అడిగినాను.

"మావయ్యా, ఆయన ఊళ్లో ఉన్నంతసేపే పోలీసులు కాల్చరు. పంపించేస్తే మాకు అడ్డెవరు?"

"ఆయన చచ్చిపోతేరా?"

వాడు ఇంకొక మొద్దు లాగి ఆ అడ్డు మీద వేసినాడు. మాట చెప్పి బతికేవాడిని, అయ్యా. నానాగారి కోపాన్ని కూడా తేనెలో ముంచి వినిపించగలవాడిని. నా ఇంటి బిడ్డ ముందు నాకు మాట రాలేదు.

దొరగారి మూత్రము నిన్నటి నుండి నల్లగా వచ్చుచున్నది. బిరాగోకు ఆ జ్వరము తెలుసు. ఆయన మా ఇంట్లో పోతే మేమే చంపినామని తమరు ఊరు తగలబెడతారు. తమరు ముందే వస్తే మా కుర్రవాళ్లు కాలుస్తారు. ఈ రెండింటి మధ్య నాకు నిద్ర లేదు.

5. కావున కోరునది: వంతెన వద్దకు ఒక డాక్టరును పంపవలెను. అక్కడ నిలిచిన పోలీసులను కనుచూపు దూరము వెనుకకు జరపవలెను. తోటలు నరుకు విషయము సభలో కూర్చొని మాట్లాడుకొందుము.

ఇంతకు మించి రాయుటకు వ్యవధి లేదు. నిదానించి చదివి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యావ్ ఒదూరో

తా.క. సంతకం చేస్తుండగానే బిరాగో ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి దొరగారిని మంచంతో సహా ఎత్తించింది. నన్నడగలేదు. నేను కాగితం పట్టుకుని వెనకాలే పరుగెత్తాను. దారిలోని మొద్దుల అడ్డు దగ్గర సార్పొంగ్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. "పక్కకి జరుగు నాయనా, బరువుగా ఉంది," అందామె. వాడు ఆమెను చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు. తుపాకీ కింద పెట్టి మొద్దులు లాగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మంచానికి ఒక కోడు వాడే మోస్తున్నాడు. ఒంటి మీద పాత సైన్యం చొక్కా ఉంది, వాడిని చూసి పొరబడకండి. ఆడవాళ్లు తోటల్లోంచి అలాగే వచ్చేశారు, నడుముల్లో కత్తులున్నాయి. అవి గడ్డి కోసే కత్తులు.

మా బడి పంతులు సైకిలు మీద ఈ కాగితం తెస్తున్నాడు. ఆయన వెనకే మేము. వంతెన కనిపిస్తోంది. దొరకు ఊపిరి ఆడుతోంది. అందరికంటే ముందు నడుస్తున్నది నా భార్య.

కాల్చవద్దని చెప్పండి.