వరదమ్మ తులసి పురుగు

12 నవంబరు 1946, తిరుపతి

ఈ పురుగు ఏ పుస్తకంలోనూ లేదు. కోయంబత్తూరు నుంచి తెప్పించిన పుస్తకంలో గుర్తులన్నీ వరసగా సరిపోల్చాను. మీసాల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ కుదరదు. బియ్యపు గింజలో సగం ఉంటుంది. పచ్చటి ఒళ్లు. రెక్క చివర మసిచుక్క. మీసంలో రెండో కణుపు తల వెడల్పుకు రెండింతలు. తులసి ఆకు రసం పీల్చి బతుకుతుంది, పీల్చిన చోట తెల్ల చుక్కలు పడతాయి.

హెడ్మాస్టరు లెన్సులో చూసి, ఈ దోమ కోసమేనా స్కూలు మైక్రోస్కోప్ ఇంటికి మోసుకుపోయింది అన్నాడు. దోమట! వీడి కింద నేను సైన్సు చెప్పాలి. నా ఖర్మ.

18 నవంబరు

మళ్లీ తిరుచానూరు. అక్కడ వరదమ్మ అని, మొగుడు పోయినాక అరెకరా తులసి తోట మీదే బతుకుతున్న మనిషి. తెల్లారుతూనే తులసి కోసి, కట్ట కట్టబోయే ముందు ఒక్కో గుప్పెడూ చేటలో తడుతుంది. రాలిన పురుగుల్ని చంపదు, కంచె అవతలికి దులిపేస్తుంది. సామి మెడలోకి పొయ్యేదయ్యోరా, పురుగుతో పోకూడదు, అట్లని నా చేత్తో నేను చంపనూ కూడదు అంటుంది.

తిరుపతిలో పూలమాలల అంగడి గోవిందయ్య ఆమె తులసి తప్ప ముట్టడు. వరదమ్మ తులసిలో పురుగుండదని బజారంతా మాట. ఎందుకుంటుంది? ఉన్నవన్నీ నా సీసాలోకి వస్తుంటే.

3 డిసెంబరు

అన్నీ ఆడవే. మగది లేకుండా వర్ణన రాస్తే నవ్వుతారు.

19 డిసెంబరు

దొరికింది! ఒకటే ఒక మగది. ధనుర్మాసం, వరదమ్మకు ఊపిరాడని పని. అయినా నేను వంగి వెతుకుతున్నంతసేపూ చేట గాలికి పోకుండా కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. తోక దగ్గర ఎడమ కొక్కెం కొడవలి లాగా వంగి ఉంది. ఇలాంటిది ఎవడూ వర్ణించలేదు. సీసాలో వేసి మూత రెండుసార్లు బిగించాను.

ఏదైనా ఇవ్వబోయాను. పురుక్కి దుడ్లా, నగతారయ్యోరా అని చేట తీసుకుని లోపలికి పోయింది.

2 ఫిబ్రవరి 1947

వర్ణన, బొమ్మలు పూర్తి. పేరు మిగిలింది. సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదు. హెడ్మాస్టరు ఈ మధ్య నన్ను కుర్చీలో కూర్చోబెడుతున్నాడు. తన పేరు లాటిన్‌లో బాగుంటుందేమో చూడమన్నాడు. చచ్చినా పెట్టను.

వరదమ్మ పేరు పెట్టాను. దొరలకూ జమీందార్లకూ పెడతారు, తులసి అమ్ముకునే మనిషికి ఎందుకు పెట్టకూడదు? దొరికిన చోటు: తిరుచానూరు, వరదమ్మ తులసి తోట. ఈ గౌరవం ఆమెకు లోకం ఉన్నంత కాలం ఉంటుంది. అచ్చయి వచ్చినాక చెబుతాను, ఆశ్చర్యపోవాలి.

మా ఆవిడ దేవకమ్మ, పురుక్కి మనిషి పేరేందండీ, రేపు పేనుకు నా పేరు పెడతారా అంది. నీకేం తెలుసు సైన్సు అన్నాను.

15 ఆగస్టు

స్వాతంత్ర్యం వచ్చింది. పిల్లలకు పిప్పరమెంటు బిళ్లలు పంచారు. నాకు బొంబాయి సైన్సు పత్రిక నుంచి నా వ్యాసం ప్రూఫులు వచ్చాయి.

9 నవంబరు

పత్రిక వచ్చింది. పాలకోవా పొట్లం కట్టించుకుని తిరుచానూరు పోయాను. గుడి ముందు వరదమ్మతో పాటు పూలమ్మే వాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు. మంచిదే, నలుగురిలో చెబుదామనుకున్నాను. గొంతెత్తి చెప్పాను కూడా. నీ తోటలో కొత్త పురుగు దొరికింది, దానికి నీ పేరే పెట్టాను, బొంబాయిలో పుస్తకాలకెక్కింది అని.

అందరూ నవ్వారు. ఒకామె, పురుగుల వరదమ్మా, కోవా మాకూ పెట్టమ్మే అని కేక వేసింది. వరదమ్మ నవ్వలేదు. నా వంక చూసి, నేనేం పాపం చేసినానయ్యోరా మీకు అంది. పొట్లం విప్పలేదు.

అర్థం చేసుకోలేదని కోపం వచ్చింది. నాకే కోపం వచ్చింది!

14 నవంబరు

గోవిందయ్య వరదమ్మ తులసి మానేశాడు. అంగడికి పోయి అరిచాను. ఆ పురుగు అన్ని తోటల్లోనూ ఉంటుందయ్యా, పట్టి తట్టి ఏరేసేది ఆమె ఒక్కతే అన్నాను. నాకు తెలీదా అయ్యోరా, అన్నింట్లోనూ ఉంటాది, పుస్తకంలో ఎక్కింది మాత్రం వరదమ్మే గదా అన్నాడు. కొనే వాళ్లు ఇది పురుగుల వరదమ్మ తోటదేనా అని అడుగుతున్నారట. నేనేం చేసేదప్పా అని మాల కట్టుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి దేవకమ్మకు చెప్పాను. నోట్లో పురుగులు పడ అని తిట్టుకునే ఊళ్లో ఆమెకే పురుగును కట్టబెట్టి వచ్చారు అంది. అన్నం పెట్టి అవతలికి పోయింది.

నిజంగా హెడ్మాస్టరు పేరు పెట్టి ఉంటే ఏ పీడా ఉండేది కాదు. వాణ్ణి పిల్లలు అంతకంటే ఘోరమైన పేర్లతోనే పిలుస్తారు.

8 డిసెంబరు

పేరు మార్చమని పత్రికకు రాశాను. జవాబు వచ్చింది. ఒకసారి అచ్చయిన పేరు మారదట, తప్పుగా పెట్టినా సరే, పెట్టినవాడు కోరినా సరే. అభినందనలు కూడా రాశారు.

ఆ నియమం నాకు ముందే తెలుసు. క్లాసులో పిల్లలకు గొప్పగా చెప్పింది నేనే.

17 డిసెంబరు

ధనుర్మాసం. గోవిందయ్య అంగడిలో వేరే తోట తులసి. ఒక కట్ట తెచ్చి మా ఇంటి చేటలో తట్టాను. పురుగులే పురుగులు. అదే మసిచుక్క. అవే దేవుడికి పోతున్నాయి, అందరూ కళ్లకద్దుకుంటున్నారు.

11 జనవరి 1948

తిరుచానూరు పోయాను. తులసి వేళ్లతో సహా పీకి కంచె పక్కన కుప్ప పోసి ఉంది. గుడిసెకు తాళం. పక్కింటామె, యాడికి పోయిందో ఎవురికీ చెప్పలేదయ్యోరా అంది. మీరే గదా పురుగులయ్యోరు అని కూడా అంది.

ఇప్పుడు నాకూ పేరు వచ్చింది.

21 ఏప్రిల్ 1948, చిత్తూరు

పరీక్ష పేపర్ల పని మీద వచ్చాను. బస్సులు ఆగే చోట, మామిడికాయల గంపల పక్కన, తులసి కట్టలు పెట్టుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఆ చేటే.

వరదమ్మా అన్నాను.

తల ఎత్తకుండా, ఏ వరదమ్మ అయ్యోరా, నా పేరు అక్కమ్మ అంది. గుప్పెడు తులసి చేటలో తట్టింది. ఒక పచ్చ పురుగు రాలింది. బొటనవేలితో నలిపేసింది.