సూది కంటే ముందే

అమ్మా,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. మన షెర్లిన్ పాపకు వినపడుతోంది.

ఈ పొద్దున పాపకు టీకాలు వేయించడానికి పంజాగుట్ట తీసుకెళ్లాం. మా ముందున్న బాబు సూది పడగానే గుక్కపట్టి ఏడ్చాడు. మన పాప నా భుజం మీద అటు తిరిగి ఉంది, వాణ్ణి చూడనే లేదు. అయినా మూతి వంకర చేసి తనూ ఏడుపందుకుంది.

“ఇంకా సూదే ఎయ్యలే, గప్పుడే ఏడుస్తుందేందమ్మా?” అంది నర్సు.

బల్కంపేట బోనాలకు గుమ్మం ముందే డప్పులు మోగినా నిద్రలో కదలని పిల్ల ఇది. నీ అల్లుడు అక్కడే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఏడుస్తూనే అటు తల తిప్పింది.

పాపకు వినపడదేమోనని అనుమానం వచ్చాక నువ్వు జోలపాట మానేశావు. నేనూ అడగలేదు. ఆదివారం చర్చి కాగానే అమీర్‌పేట వచ్చి పాడు. అమ్మమ్మ పాట ఎందుకు ఆగిపోయిందా అని అది ఇన్నాళ్లూ అనుకుని ఉంటుంది.

నీ కూతురు