నూతి నీళ్ల సీసా

అరసవల్లి,
మే 3

ప్రియమైన నాన్నకు,

ఫోనులో నా మాట నీకు వినబడదు. పడవ ఇంజను పక్కన ముప్పై ఏళ్లు కూర్చున్న చెవులవి. అందుకే రాస్తున్నాను. మన పక్కింటి దేవి వదిన చదివి నీకు సైగలతో చెబుతుంది.

ఇళ్ల బొమ్మలు కంప్యూటరులో గీసే ఉద్యోగం వచ్చింది. పని చూశాకే ఖాయం చేస్తామన్నారు. పాత కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోంది. దాని ఫ్యాను మోతకి ఇంటావిడ పద్మకుమారి గారు, "ఏటమ్మా, గదిలో పిండిమర ఎట్టావేటి?" అంటున్నారు. అందుకని భాగాలు తెప్పించి కొత్తది నేనే బిగించాను. చేపల తట్టలో పట్టేంత పెట్టె. లోపల సన్నటి గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ వేడిని లాక్కుపోవాలి, మీ ఇంజనులో లాగే. తిరగడం లేదు నాన్నా. గుడగుడమంటోంది, వేడి దిగదు. ఇరవయ్యో తేదీకి బొమ్మలు పంపకపోతే ఉద్యోగం ఉండదు. ఇక్కడ అడగడానికి నాకెవరూ లేరు.

నీ తులసి

ఇంటి నుంచి,
మే 9

అమ్మా తులసీ,

నేను సెప్తన్నాను, దేవి రాస్తన్నాది. గుడగుడమంటే గాలి పట్టీసినట్టే. పెట్టెని మెల్లగా ఓ పక్కకి వంచు, మళ్లీ ఇంకో పక్కకి. గాలి పైకొచ్చీస్తాది. తగ్గినంత నీరు పోసీ. సెవితో ఇనకు, గొట్టం మీద సెయ్యెట్టి సూడు. నీరు తిరిగితే సేతికి తెలుస్తాది.

అక్కడి నీరు ఎలాటిదో ఏటో. మన నూతి నీరు సీసాకి పట్టి, బస్సు కండక్టరు చినబాబు చేత పంపతన్నాను. అదే పోసీ. సేపల వేట బందు కదా, ఒడ్డునే ఉన్నాను. తింటన్నావా?

నాన్న గంగులు

ఇంటి నుంచి,
మే 27

అమ్మా,

సీసా అందిందని చినబాబు సెప్పాడు. నీ దగ్గర్నుంచి కబురు లేదు. ఇరవై దాటిపోనాది. నా నీరు పోసి పెట్టె పాడైపోనాదేటి? ఇసక గాని ఉన్నాదా? గుడ్డతో వడగట్టే పట్టాను. కోపమైతే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

నీ నాన్న

ఒసే తులసీ, ఫోను చేస్తే ఎత్తవేటే? మావ పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో కూకుంటన్నాడు. – దేవి

అరసవల్లి,
జూన్ 2

ప్రియమైన నాన్నకు,

నీ నీళ్లు ఏమీ పాడు చేయలేదు. నువ్వు చెప్పినట్టే వంచాను. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పోయాయి. గొట్టం మీద చెయ్యి పెడితే సన్నటి వణుకు తెలిసింది. బొమ్మలు పద్దెనిమిదికే పంపాను. నిన్న ఉద్యోగం ఖాయం చేశారు.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, ఆ పెట్టెలో నూతి నీళ్లు పోయకూడదు. బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లే పోయాలి. అవే పోశాను. నీ నీళ్లు పోశానని మూడుసార్లు రాసి చింపేశాను. దేవి వదినకి ఆ అబద్ధం చెప్పలేకే ఫోనూ ఎత్తలేదు.

పాత కంప్యూటరు మోత ఉన్నన్నాళ్లూ గదిలో ఎవరో ఉన్నట్టుండేది. కొత్తదానికి చప్పుడే లేదు. బొమ్మలు పంపిన సాయంత్రం ఆ నిశ్శబ్దం భరించలేక నీ సీసా మూత తీశాను. తాగాను నాన్నా. రోజుకి అరగ్లాసు, అయిపోతుందని భయపడుతూ.

పెట్టె చిన్నది చేసింది గది ఇరుకని కాదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి రావచ్చని. ఉద్యోగం తేలేదాకా చెప్పలేకపోయాను. ఎక్కడి నుంచైనా పని చెయ్యవచ్చన్నారు. ఆదివారం చినబాబు బస్సుకి వస్తున్నాను. లోపలి నీళ్లు తీసేసి తెస్తాను, మళ్లీ నింపాక వంచాల్సింది నువ్వే. దాని చప్పుడు వినబడదని బెంగపడకు, నాకూ వినబడదు. ఇద్దరం చెయ్యి పెట్టి చూద్దాం.

ఖాళీ సీసాతో వస్తున్న
నీ తులసి